పాతనూనె ఏమయ్యాడు

బ్యాగులు కుట్టే ఆవిడ మిషన్ని చంటిపిల్లని మోసినట్టు రెండు చేతుల మీదా మోసుకొచ్చి మెకానిక్ బల్ల మీద దించింది. కుట్టు వదిలేస్తోందన్నా, అంది. ఇక మిగతాది నీ తలనొప్పి అన్నట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది.

మెకానిక్ ఆవిడ మొహంకేసి చూడలేదు. మొహాలు చూడ్డం అతను తగ్గించుకుని చాలాకాలమైంది. మిషన్ని పక్కకి ఒరిగించి, అడుగు రేకుకున్న నాలుగు మరలూ విప్పి, విప్పినవి విప్పినట్టే వరసగా మూతలో పెట్టుకున్నాడు. లోపల దూదిలా పేరుకున్న దారప్పొట్టుని బ్రష్షుతో లాగేశాడు. రేకుని గుడ్డతో తుడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

మిషన్ విప్పిన ప్రతివాడూ ఆ రేకు లోపలివైపు తారీఖు గీకి పక్కన తన గుర్తు పెడతాడు. అది మిషన్ సొంతదారుకి కనపడదు. మళ్ళీ ఎప్పుడో, ఎక్కడో, ఇంకో మెకానిక్ విప్పినప్పుడు వాడికి మాత్రమే కనపడుతుంది. ఫలానా రోజున నేనిక్కడి దాకా వచ్చాను, తరవాత నీ వంతు అని చెప్పడం. కొందరు నక్షత్రం గీస్తారు, కొందరు తాళంచెవి గీస్తారు. ఇతనిది రెండు అడ్డగీతలు. ఈ రేకు మీద ఉన్నది ఒక నూనెచుక్క, దాని కింద చిన్న గీత.

ఆ చుక్కని అతను ఫోన్లో వందసార్లు చూశాడు. అది పాతనూనె గుర్తు.

పక్కన తారీఖు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. రెండు నెలల కిందటిది. పాతనూనె చచ్చిపోయి ఎనిమిది నెలలైందని నాలుగు వేల మంది తీర్మానం చేసేసుకుని ఉన్నారు.

ఆ నాలుగు వేల మందీ ఫోన్లో ఉన్న మిషన్ మెకానిక్కుల గుంపు. విడిభాగాలు అమ్మే ఒకాయన పెట్టాడు. అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలీదు, ఎవరిది ఏ ఊరో తెలీదు. మొరాయించిన మిషన్ ఫొటో పెడతారు, అది చేసే చప్పుడు రికార్డు చేసి పెడతారు, తెలిసినవాడు బదులు చెప్తాడు. ఇతన్ని అక్కడ మిరపకాయ అంటారు. ఎందుకంటారో ఒక్కసారి మాట్లాడినవాడికి చెప్పక్కర్లేదు. పాతనూనె తెల్లారుజామున ఐదింటికల్లా వచ్చి, అంతకుముందు రోజు మిగిలిపోయిన ప్రశ్నలన్నిటికీ వరసగా బదులు రాసేసి పోయేవాడు. ఏ ప్రశ్నకైనా మొదటి మాట ఒకటే. "ముందు కట్టేసి, చేత్తో ఒక చుట్టు తిప్పి చూడు." అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, మోటారు ఆపి, చేత్తో తిప్పి చూసేవాళ్ళు. నూటికి ఎనభై తప్పులు అక్కడే దొరికేవి.

తరవాత ఒకరోజు నుంచి ఆయన కనపడలేదు.

వీధిలో అయితే ఒక షాపు రెండ్రోజులు తెరవకపోతే పక్క షాపువాడు తలుపు కొడతాడు. గుంపులో పక్క షాపు ఉండదు. ఉన్నాడు ఉన్నాడు, లేడు. గుండీలక్క అని ఒకావిడ ఉండేది, రోజూ పొద్దున్నే పువ్వు బొమ్మ పెట్టి కుశలం అడిగేది. పువ్వు రావడం ఆగిపోయింది. రెండు వారాల పాటు ఆవిడ ఏమైందని అడిగారు, తరవాత అడగడమూ ఆగిపోయింది. పాతనూనెని మాత్రం కాస్త ఎక్కువకాలం అడిగారు.

మెకానిక్ రేకుని బల్ల మీద పెట్టి, ఈ మిషన్ ఇంతకుముందు ఎవరు చూశారని ఆవిడ్ని అడిగాడు.

రెండు నెలలు పుట్టింట్లో ఉండొచ్చిందట. అక్కడ పరదాలు కుట్టే షాపు వెనక గదిలో ఒక ముసలాయన చూశాడట. బాగా చేశాడా అని అడిగితే, బాగా చేశాడు గానీ దారిలో బస్సు పైన కట్టి తెచ్చేసరికి మళ్ళీ కదిలిపోయింది, ఆయన తప్పు కాదంది.

"చెవులు బొత్తిగా వినపడవన్నా పాపం. మిషన్ ఆడుతుంటే దాని మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపిస్తాడు."

"ఎన్నాళ్ళయింది వినపడక?"

"ఏడాదిన్నర దాటిందంట. ఆయన కూతురే చెప్పింది."

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచి, పని ఉన్నట్టు వెనక అర దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పనేం లేదు. అర మీద ఒక రేకు డబ్బాలో మాడిపోయిన బేరింగు ఒకటి ఉంది. ఎనిమిది నెలలుగా దాన్ని పారెయ్యకుండా అట్టేపెట్టాడు, కోపం చల్లారకుండా ఉండటానికి.

ఆ బేరింగు ఉన్న మిషన్ చప్పుడు అతనే రికార్డు చేసి గుంపులో పెట్టాడు. చెవులున్న ఎవడికైనా అది బేరింగు ఏడుపని తెలిసిపోతుంది, అయినా ఎందుకో అనుమానంగా ఉండి పెద్దాయన్ని అడిగాడు. పాతనూనె హుక్కులో దారం చిక్కింది తీసెయ్యి అని రాశాడు. పెద్దాయన మాట కదా అని, ఎదురుగా మిషన్ సొంతదారు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే, సగం రోజు హుక్కు దగ్గరే తవ్వాడు. దారం లేదు, దాని తాత లేడు. సాయంత్రం ఫోన్ తీసి అందరి ముందూ అన్నాడు: "నీకసలు వినపడుతోందా? చెవుల్లో నూనె పోసుకునైనా విను, లేదంటే తప్పుకుని కూర్చో." తొంభై ఒక్కమంది నవ్వు బొమ్మలు పెట్టారు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. గుంపులో అల్లరి అదుపు చెయ్యమని విడిభాగాలాయన అతని ఫోన్లో రెండు మూడు మీటలు పెట్టాడు. వాటి మీద ఇంగ్లీషు మాటలున్నాయి, ఆరో తరగతిలో బడి మానేసినవాడికి అవన్నీ ఒకటే. మూడు రోజులు నోరు కట్టేసే మీట ఇదే అనుకుని, పాతనూనె పేరు మీద ఒకటి నొక్కాడు. మర్నాడు మిషన్ మళ్ళీ నడిపి చూశాడు. లోపల షాఫ్టు బిగుసుకుపోయి, ఇక పనికిరాకుండా పోయింది. అదీ ముసలాడి ఖాతాలోనే వేశాడు.

మూడు రోజులు అయ్యాయి. ముప్పై అయ్యాయి. ముసలాడికి పౌరుషం వచ్చిందనుకున్నాడు. అందరూ పోయాడనుకుంటున్నప్పుడు ఇతను ఒక్క మాటా రాయలేదు. ఆ మీట సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, రేపు పొద్దున్నే బస్సుకి ఒక మనిషిని చూడ్డానికి వెళ్తున్నానని భార్యతో చెప్పాడు. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఎవరు, చుట్టమా అంది. కాదన్నాడు. స్నేహితుడా అంది. ఆ మాటకి తనే నవ్వుకుంది, ఈయనకి స్నేహితుడా అని.

"ఒకాయన్ని ఒక మాట అన్నాను. ఆయనకి చెవులు వినపడవని నాకు తెలీదు."

ఆవిడ చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది.

"నన్ను రోజుకి పది అంటావు," అంది. "నా కోసం ఒక్కనాడూ బస్సెక్కలేదే."

ఆవిడ బదులు కోసం ఆగలేదు, చొక్కా మడతపెట్టేసి ఇంకోటి తీసుకుంది. పొద్దున అతను బయల్దేరేటప్పుడు మాత్రం ఉతికిన జేబురుమాలు తెచ్చి చేతిలో పెట్టింది. అతని ఇంకో జేబులో బేరింగు ఉంది. దాన్నెందుకు తీసుకెళ్తున్నాడో అతనికే సరిగ్గా తెలీదు. నాదీ న్యాయమే అని చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మనిషికి.

పరదాల షాపు దొరకడం కష్టం కాలేదు. ముందు గదిలో ముసలాయన కూతురు నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద జరుగుతూ కత్తిరిస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. నాన్న కోసం వచ్చానంటే, మిషన్ ఏదీ అని అతని చేతులకేసి చూసింది. మిషన్ తేలేదు, ఊరికే చూద్దామని వచ్చానంటే ఆవిడ కత్తెర ఆపేసింది. నాన్నని ఊరికే చూడ్డానికి వచ్చిన మనిషిని చూసి ఆవిడకి ఎన్నాళ్ళయిందో.

"పలక మీద రాయాలండీ. పెదాలు చూసి చెప్పడం ఆయనకి రాలేదు, నేర్చుకోమంటే విసుక్కుంటాడు," అంది.

వెనక గదిలో ఒక బల్ల, రెండు మిషన్లు, గోడకి మేకులు, మేకులకి బెల్టులు. ముసలాయన సన్నగా, గీతగీసినట్టు నిటారుగా కూర్చుని బాబిన్ డబ్బాకి నూనె పెడుతున్నాడు. డబ్బా మూతితో పెట్టట్లేదు, సూది మొన నూనెలో ముంచి, ఒక్క బొట్టు. మెకానిక్ గుమ్మంలో నిలబడి ఆ బొట్టు పడేదాకా ఆగాడు. పనిలో ఉన్నవాణ్ణి కదిలించకూడదు, అంతవరకు అతనికి మర్యాద తెలుసు.

ముసలాయన తలెత్తి, నల్లరంగు వేసిన చెక్క ముక్క, బట్టల మీద గీతలు గీసే సుద్ద బిళ్ళ అతని ముందుకి తోశాడు. మెకానిక్ సుద్ద పట్టుకున్నాడు. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో. గుంపులో కూడా నోటితో చెప్తే ఫోనే రాసిపెడుతుంది. పెద్ద పెద్ద అక్షరాలు, చివరిది చోటు చాలక కిందికి జారింది. "మిరపకాయ."

ముసలాయన చదివి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"నువ్వా. ఇంకా లావుగా ఉంటావనుకున్నాను." వినపడనివాళ్ళ గొంతు అది, చిన్న గదికి ఎక్కువైన గొంతు. "కూర్చో నాయనా, కూర్చో. నీ షాఫ్టు ఏమైంది? బతికిందా?"

ఎనిమిది నెలల కిందటి షాఫ్టు. మెకానిక్ జేబులోంచి బేరింగు తీసి బల్ల మీద పెట్టాడు. ముసలాయన దాన్ని చూపుడువేలికి తొడిగి, రెండో చేత్తో మెల్లగా తిప్పాడు. రెండు చుట్లు. తీసి కింద పెట్టాడు.

"ఎండబెట్టి చంపేశావు," అన్నాడు. "నీకు తెల్లారే రాశాను కదా. బేరింగేనని, నూనె పట్టించకుండా నడపొద్దని. నీ తిట్టు చదివాక, నీ చప్పుడు మళ్ళీ పెట్టి ఫోన్ మీద చెయ్యి వేసి చూశాను. పెద్ద అదురైతే చేతికి తెలుస్తుంది, చిన్నవి తెలియవు. తప్పు నాదే, ముందే అలా చూడాల్సింది. రాశాను మరి. చూడలేదా?"

మెకానిక్ లేదని తలూపాడు. ముసలాయన సొరుగులోంచి ఫోన్ తీసి, కాస్త వెతికి, అతనికి చూపించాడు. అతని తిట్టు ఉంది. దాని కింద తొంభై ఒక్క నవ్వులు. వాటి కింద, మర్నాడు ఐదూ పదికి: "ముందు కట్టెయ్యి నాయనా. నేను చెప్పింది తప్పు. అది బేరింగు. నూనె పట్టించకుండా నడపకు."

మెకానిక్ తన ఫోన్ తీసి అదే చోటు తెరిచాడు. తిట్టు ఉంది. నవ్వులు ఉన్నాయి. కింద ఏమీ లేదు. రెండు ఫోన్లనీ పక్కపక్కన బల్ల మీద పెట్టాడు, ఒకే మిషన్ భాగాలు రెండు పెట్టి ఏది అరిగిందో చూసినట్టు.

తరవాత అతని బొటనవేలు దానంతటదే ఇంకో చోటికి వెళ్ళింది. "పాతనూనె ఏమయ్యాడు? ఎవరికైనా తెలుసా?" అని ఐదు నెలల కిందట ఎవరో అడిగిన చోటు. అతని ఫోన్లో అక్కడ ముప్పై ఎనిమిది బదులున్నాయి. పోయుంటాడు పాపం. దేవుడులాంటి మనిషి. నాకు పని నేర్పింది ఆయనే, మొహం కూడా చూడలేదు. ముసలాయన ఫోన్లో నలభై ఒకటి ఉన్నాయి.

"ఇక్కడే ఉన్నాను."

దాని కింద, మర్నాడు: "ఇక్కడే ఉన్నాను నాయనలారా. బాగానే ఉన్నాను."

వారం తరవాత: "ఎవరికీ కనపడట్లేదా?"

మెకానిక్ లేచి, షాపు ముందు గది దాటుకుని, వీధిలోకి వచ్చి విడిభాగాలాయనకి ఫోన్ చేశాడు. ఆ మీట గురించి అడిగాడు, దాని మీద అక్షరాలు ఎలా ఉంటాయో చెప్పాడు. అవతల ఆయన ఆ అక్షరాలు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. తరవాత మెల్లగా చెప్పాడు, అది మూడు రోజులది కాదు. అది మనిషిని గుంపులోనే ఉంచి దాచేసేది. వాడు రాసేది వాడికి మామూలుగానే కనపడుతుంది, ఇంకెవరికీ కనపడదు. మళ్ళీ మనం తీసేదాకా అంతే. దాచినవన్నీ ఫలానా చోట బూడిదరంగు అక్షరాల్లో ఉంటాయి, అక్కడికెళ్ళి ఒక్కటి నొక్కితే అన్నీ బయటికొస్తాయి.

"నువ్వు నొక్కావా దాన్ని?" అన్నాడు. "మనందరం ఆయనకి సంతాపం కూడా చెప్పేశాం కదయ్యా."

మెకానిక్ ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాడు. ఎదురుగా ఒక మనిషి సైకిలు చక్రాన్ని గాల్లోకి ఎత్తి తిప్పి చూసుకుంటున్నాడు. చక్రం ఆగేదాకా మెకానిక్ దాన్నే చూశాడు. బస్సుల స్టాండు ఎటువైపో కూడా చూశాడు. అటు వెళ్ళిపోతే ఎవరూ ఆపరు. ముసలాయనకి ఎప్పటికీ తెలీదు.

వెనక్కి వచ్చేసరికి ముసలాయన రెండు గ్లాసుల్లో టీ పోయించి, బేరింగుని నూనెలో నానేసి కూర్చున్నాడు. మెకానిక్ పలకని జేబురుమాలుతో తుడిచాడు. నోటితో అయితే తల దించుకుని గొణగొచ్చు, మాట మింగెయ్యొచ్చు, సగం చెప్పి సగం దగ్గులో కలిపెయ్యొచ్చు. సుద్దతో అలా కుదరదు. ఒక్కో అక్షరమూ గీకాలి. గీకాక అది అక్కడే ఉంటుంది.

"మిమ్మల్ని దాచింది నేనే. మీట నొక్కాను. మూడు రోజులే అనుకున్నాను. మీరు రాసింది ఎవరికీ కనపడలేదు."

దాచిందిలో సున్నా తప్పిపోయిందేమో కూడా అతనికి తెలీదు. పలకని ముసలాయన వైపు తిప్పాడు.

ముసలాయన చాలాసేపు చదివాడు. అన్ని మాటలు లేవు అందులో. చదువుతూ చదువుతూ ఎడమచేతిని బల్ల మీద బోర్లించాడు, ఆగివున్న మిషన్ పక్కన. ముందు గదిలో కూతురు మోటారు మిషన్ ఆడిస్తోంది, ఆ అదురు బల్లకి వస్తున్నట్టుంది.

"ఎవ్వరికీనా?" అన్నాడు చివరికి.

మెకానిక్ తలూపాడు.

"మీ అందరికీ నామీద కోపం అనుకున్నాను. తప్పు చెప్పాను కదా, అందుకని పట్టించుకోవట్లేదనుకున్నాను." టీ గ్లాసుని ఒక అంగుళం ఇటు జరిపి, మళ్ళీ అటు జరిపాడు. "చెవులు పోయాక, మాట్లాడితే బదులు రాకపోవడం అలవాటైపోతుంది నాయనా. ఇంట్లోనూ అంతే, వీధిలోనూ అంతే. అక్కడా అంతే కాబోలు అనుకున్నాను."

మెకానిక్ తన ఫోన్ తీశాడు. విడిభాగాలాయన చెప్పిన చోటికి వెళ్ళాడు. తలుపు తీస్తే గది నిండా మనుషులు కూర్చున్నట్టు, బూడిదరంగు వరసలు, కిందికి తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. నాలుగు వందల పన్నెండు. దాన్ని ముసలాయనకి చూపించి, ఇప్పుడే తీసేస్తానని చేత్తో సైగ చేసి, బొటనవేలు మీట మీదికి తెచ్చాడు.

ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. నూనె జిడ్డు చెయ్యి, పట్టు మాత్రం పటకారులా ఉంది.

"ఆగు. అవన్నీ ఒకేసారి బయటికొస్తాయా?"

తలూపాడు.

"వద్దు. అందులో సగం తప్పులై ఉంటాయి. చప్పుళ్ళు పెట్టినవాళ్ళకి నేను ఊహించి రాశాను. నీకు చెప్పినట్టే. చెవులు పోయాయని చెప్పుకోలేక రాశాను." ఫోన్ని అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాడు. "ఎనిమిది నెలల తప్పులు తెచ్చి నాలుగు వేల మంది ముందు కుప్ప పోస్తావా? నీ ఒక్కడికి ఒక్క తప్పు చెప్తేనే అంత మాటన్నావు."

మెకానిక్ సుద్ద వెతికాడు. ఏదో రాయబోయాడు, మంచివి కూడా ఉంటాయనో, అందరూ ఎదురుచూస్తున్నారనో. ముసలాయన పలకని తన ఒళ్ళోకి లాగేసుకున్నాడు. అలా లాక్కుంటే ఇక అవతలివాడి నోరు మూసినట్టే, ఆయనకది తెలుసు.

"చూశావా, ఎంత బాగా రాశారో? దేవుడులాంటి మనిషంట. పని నేర్పానంట. ఉన్నన్నాళ్ళూ ఒక్కడూ అనలేదు." నవ్వబోయి, సగంలో మానేశాడు. "చచ్చినవాడు తప్పులు చెయ్యడు కదా. ఆ పేరు అలాగే ఉండనీ. ఆ మీట కదపకు."

మెకానిక్ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది, ఇద్దరూ తాగారు. ముసలాయన బేరింగుని నూనెలోంచి తీసి, గుడ్డలో దొర్లించి తుడిచి, తిప్పి చూసి, పనికిరాదని తలూపి, అయినా కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టాడు. గుండీలక్క సంగతేమైనా తెలిసిందా అని అడిగాడు. తెలీదని మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. పాపం, అన్నాడు ముసలాయన.

ముందు గదిలోంచి కూతురు గుమ్మం దాకా వచ్చింది. పొద్దున్నే ఐదింటికి లేచి ఆ ఫోన్ పట్టుక్కూచుంటాడండీ, ఎవరికి రాస్తున్నావంటే మావాళ్ళకి అంటాడు, అంది. మీరేనా ఆ మావాళ్ళు?

అతను బేరింగు పొట్లం జేబులో వేసుకుని, చెప్పులు వెతుక్కున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరొచ్చేదాకా బూడిదరంగు అక్షరాలు చదివాడు. ఎవరెవరికో, ఎప్పుడెప్పుడో. వాళ్ళ మిషన్లు ఈపాటికి బాగుపడో, పాతసామాను బండెక్కో ఉంటాయి. ముసలాయన అన్నది నిజం, తప్పులున్నాయి. చప్పుడు పెట్టి అడిగినవాటికి సగానికి పైగా గురి తప్పాడు. కానీ ఫొటో పెట్టినవాటికి, మాటల్లో రాసి అడిగినవాటికి, ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. మధ్యలో ఒకచోట, "గుండీలక్కా, పదిరోజులైంది పువ్వు రాక. ఒంట్లో బాగుందా తల్లీ?" అని ఉంది. గోడ వెనక కూర్చుని, ఈయన గోడ ముందువాళ్ళ బాగోగులు అడిగాడు. మెకానిక్ భార్య ఇచ్చిన జేబురుమాలు తీశాడు. దానికి సుద్ద అంటుకుని ఉంది, మొహమంతా తెల్లగా అయింది.

విడిభాగాలాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మీట తీశావా అని అడిగితే తియ్యలేదన్నాడు. ఈ సంగతి గుంపులో చెప్పొద్దన్నాడు.

"నీ పరువు పోతుందనా?"

"నాదేం పరువు. ఆయన వద్దన్నాడు."

మర్నాడు తెల్లారి ఐదింటికి మెకానిక్ లేచి బూడిదరంగు గది తెరిచాడు. కొత్తది ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. మూడోరోజు భార్య కూడా లేచి కూర్చుని, ఈ వయసులో పొద్దున్నే ఎవరితో అంది. చెప్పాడు. మొదటి నుంచి, మీటతో సహా అంతా చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, ఎవరైనా ఆయన్ని అడగాలిగా, అడక్కుండా ఏం చెప్తాడు, అని లేచి పొయ్యి వెలిగించడానికి వెళ్ళిపోయింది.

బ్యాగులావిడ మిషన్ ఇంకా బల్ల మీదే ఉంది. ఎనిమిది కుట్లకోసారి వదిలేస్తోంది. దానికేమైందో అతనికి ఇంకా తెలీదు. మామూలుగా అయితే చప్పుడు రికార్డు చేసి పెట్టేసేవాడే. ఆ రోజు షాపులో కూర్చుని, ఫోన్కి నోటితో చెప్పకుండా, ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "చేతి చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కసారి టిక్ అంటోంది. ఇనుము మీద గోరుతో కొట్టినట్టు. మిషన్ తల మీద అరచెయ్యి పెడితే ఎడమవైపు, సూది పైన, చిన్నగా పొడిచినట్టు తెలుస్తోంది. కుడివైపు ఏమీ లేదు. వేడి లేదు. ఎనిమిది కుట్లకి ఒకటి వదిలేస్తోంది." రాయడానికి ముప్పావు గంట పట్టింది.

గుంపులో నవ్వులే నవ్వులు. మిరపకాయ కథలు రాస్తున్నాడన్నారు. చప్పుడు పెట్టకుండా ఈ రామాయణమేంటన్నారు. సూది మార్చన్నాడొకడు. దారం మార్చన్నాడింకొకడు. మిషనే మార్చన్నాడు మూడోవాడు. సూది మార్చాడు, దారం మార్చాడు. కుట్టు వదిలేస్తూనే ఉంది.

నాలుగోరోజు ఐదూ పదికి బూడిదరంగు గదిలో ఒక వరస వచ్చింది.

"ముందు కట్టేసి, చేత్తో ఒక చుట్టు తిప్పి చూడు. సూది కడ్డీ వెంట్రుకవాసి కిందికి జారింది. పైకి లాగి దాని మర బిగించు. సూది మార్చకు, సూదికేం తప్పులేదు."

మెకానిక్ లుంగీ మీదే షాపుకెళ్ళి తాళం తీశాడు. చేత్తో ఒక చుట్టు తిప్పాడు. కడ్డీ జారి ఉంది. వెంట్రుకవాసే. మర సడలించి, కడ్డీ పైకి లాగి, బిగించి, బ్యాగు గుడ్డ ముక్క ఒకటి పెట్టి కుట్టాడు. ఒక్క కుట్టూ వదల్లేదు. మిషన్ని ఒరిగించి, రేకు లోపల చుక్క గుర్తు పక్కన ఇవాళ్టి తారీఖు గీకాడు. తన రెండు గీతలూ పెట్టబోయి ఆగాడు. దాని పక్కన ఇంకో చుక్క పెట్టి, కింద చిన్న గీత గీశాడు.

తరవాత గుంపు తెరిచాడు. అతని ప్రశ్న కింద ఇంకా కొట్టుకుంటున్నారు. హుక్కు అంటున్నారు, గుడ్డ లాగే పళ్ళంటున్నారు, కొత్త మిషన్ కొనమంటున్నారు. అందరికంటే కింద, అప్పుడే, ఎవరో కుర్రమెకానిక్ రాశాడు.

"పాతనూనె ఉండుంటే ఒక్క మాటలో చెప్పేవాడన్నా."

దానికి దండం బొమ్మలు ఒక్కోటీ వచ్చి పడుతున్నాయి. మెకానిక్ ఫోన్ని బల్ల మీద పెట్టాడు. దండం పడ్డప్పుడల్లా అది చిన్నగా అదురుతోంది. దాని మీద అరచెయ్యి వేసి, అదురు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు.